ఓడ లాగ్‌బుక్కులో ఈ అంకె నాలుగా, తొమ్మిదా? కాస్త చూసి చెప్పండి

గుత్తికోట (అనంతపురం) – ఆదివారం, ఉదయం 6:40

అందరికీ నమస్కారం. తెల్లవారుజాము నుంచి ఒకే ఒక్క అంకె దగ్గర ఇరుక్కుపోయి కూర్చున్నాను, ఇంట్లోవాళ్ళకు చూపిస్తే ఒకరు నాలుగంటారు, ఒకరు తొమ్మిదంటారు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

కొత్తవాళ్ళ కోసం ముందు విషయం చెప్తాను. పాత ఓడల్లో రోజూ రాసిన లాగ్‌బుక్కులు ఉంటాయి కదా, వాటిలో గాలి ఎటు నుంచి, ఎంత జోరుగా, బారోమీటరులో గాలి ఒత్తిడి ఎంత, గాలి వేడి ఎంత, సముద్రపు నీటి వేడి ఎంత, అన్నీ నాలుగేసి గంటలకోసారి రాసిపెట్టేవాళ్ళు. ఆ పేజీలను ఫోటోలు తీసి ఇంటర్నెట్లో పెడితే మనలాంటి వాలంటీర్లు చూసి టైపు చేస్తారు. నేను 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు ఇందులోకి వచ్చాను. అప్పుడు చేసింది ఓడలు కాదు, బ్రిటన్ వానల లెక్కలు. బ్రిటన్‌లోని రెడింగ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఎడ్ హాకిన్స్ నడిపిన పని అది. 65,000 కాగితాలు, 16,000 మంది వాలంటీర్లు, 52 లక్షల చిల్లర వాన లెక్కలు, 16 రోజుల్లో అయిపోయింది. ఆ 16 రోజులూ నేను సరిగ్గా నిద్రపోలేదు. అది అయ్యాక చేతులు ఊరుకోక ఓడలకు వచ్చాను.

ఇప్పుడు నా ముందున్నది 1877 మార్చి 18. ఓడ బంగాళాఖాతంలో ఉంది. బారోమీటరు గడిలో అంగుళాల లెక్కన వరసగా ఉన్నవి ఇవీ: తెల్లవారి నాలుగింటికి 29.87, ఎనిమిదింటికి 29.93, మధ్యాహ్నం పన్నెండింటికి 29.92. సాయంత్రం నాలుగింటి దగ్గర 29, చుక్క, తర్వాత ఆ అంకె, ఆ తర్వాత 4. రాత్రి ఎనిమిదింటికి 29.88, అర్ధరాత్రి 29.91. గాలి ఈశాన్యం, జోరు 2. ఆకాశం గడిలో బి, సి అక్షరాలు, అంటే నీలాకాశం, అక్కడక్కడ మబ్బు.

ఆ అంకె పైన సున్నా చుట్టబోయి మూయకుండా వదిలేసినట్టుంది, కింద తోక ఉంది. వెనక పేజీ సిరా ఇటువైపు ఊరి, సరిగ్గా తోక దగ్గర మరక పడింది. ఫోటో పెద్దది చేసి పెట్టాను. 29.44 అని టైపు కొట్టాలా, 29.94 కొట్టాలా?

వేరుశనగరైతు (కళ్యాణదుర్గం) – ఆదివారం, 7:15

నాకైతే నాలుగులాగే ఉందన్నా.

ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. మనకు సముద్రం లేదు. నేను సముద్రం చూసిందే రెండు సార్లు. మృగశిరలో చినుకు పడుతుందా, విత్తనం వేయాలా వద్దా అని మేము ఆకాశం వైపు చూస్తా ఉంటే, నూటాయాభై ఏళ్ళ కింద తెల్లోళ్ళ ఓడలో ఎవరో రాసిన అంకె నాలుగైనా తొమ్మిదైనా మాకేం ఒరుగుతుంది? నువ్వు ఇంత కష్టపడతా ఉంటివే అని అడుగుతున్నా.

కేసీకెనాల్ (కర్నూలు) – ఆదివారం, 7:50

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. దానికి తర్వాత వస్తా, ముందు అంకె సంగతి చూద్దాం. నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పేవాడిని.

29.44 అయితే పన్నెండింటి నుంచి నాలుగింటికల్లా బారోమీటరు దాదాపు అర అంగుళం పడిపోయినట్టు. బంగాళాఖాతంలో అలా పడిందంటే తుఫాను నెత్తి మీదికి వచ్చినట్టే. అప్పుడు గాలి జోరు 2 ఉండదు, బోఫోర్ట్ లెక్కలో, అంటే గాలి జోరును 0 నుంచి 12 దాకా చెప్పే లెక్కలో, 10, 11, 12 ఉంటుంది. ఆకాశం గడిలో నీలాకాశం అని రాయరు. మళ్ళీ రాత్రి ఎనిమిదింటికి ఏమీ జరగనట్టు 29.88కి రాదు. కాబట్టి నాలుగు కాదు.

తొమ్మిది అన్నా నాకు మనసొప్పడం లేదు. మన ఉష్ణమండలంలో బారోమీటరు రోజుకు రెండుసార్లు పైకి పోతుంది, రెండుసార్లు కిందికి దిగుతుంది. పగలు పదింటికీ రాత్రి పదింటికీ ఎక్కువ, తెల్లవారి నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ తక్కువ. పై గాలి ఎండకు వేడెక్కి గాలి మొత్తం అలలాగా కదులుతుంది, అందుకని. పదింటి నుంచి నాలుగింటికి దిగేది అంగుళంలో పదో వంతు దాకా ఉంటుంది. వాతావరణం బాగున్న రోజు గడియారంలాగా జరుగుతుంది ఇది. ఈ పేజీలోనే చూడండి, 87 నుంచి 93కి ఎక్కింది, రాత్రి 88 నుంచి 91కి ఎక్కింది. మరి సాయంత్రం నాలుగింటికి దిగాల్సింది 94కి ఎట్లా ఎక్కుతుంది?

గుత్తికోట – ఆదివారం, 8:05

సార్, మీరు చెప్పేది అర్థమైంది, కానీ టెన్షన్ ఇంకా పెరిగింది. నాలుగు కాదు, తొమ్మిది కాదు, మరేంటి? పైగా మాకు చెప్పిన మొదటి రూలు, కంటికి కనబడింది కొట్టాలి, ఉండాల్సింది కొట్టకూడదు. ఇది ఉండదు కదా అని నేను సరిచేస్తే, నిజంగానే ఏదో వింత జరిగిన రోజున ఆ వింతను నేనే చెరిపేసినవాడిని అవుతాను.

మాస్టరమ్మ (కడప) – ఆదివారం, 8:40

గుత్తికోట అన్నా, ఆ రూలు గట్టిగా పట్టుకోండి. నేను తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ పని చేయిస్తాను, శనివారం మధ్యాహ్నం సైన్సు పీరియడ్లో. వాళ్ళకు మొదట్లో అదే అలవాటు, పైన 29.9 ఉంది కాబట్టి ఇక్కడా 29.9 అని చూడకుండానే కొట్టేసేవాళ్ళు. మాన్పించడానికి నెల పట్టింది.

నా తప్పు కూడా చెప్తాను, కొత్తవాళ్ళకు పనికొస్తుంది. మొదటేడు నేను పొడి బల్బు, తడి బల్బు గడులు తారుమారు చేసి నలభై పేజీలు కొట్టేశాను. ఆ ఓడలో రాసేవాళ్ళు తడి బల్బును ముందు గడిలో వేసేవాళ్ళు, నేను పైనున్న అచ్చు చదవలేదు. ఒక పిల్ల అడిగింది, మిస్, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు పొడిదానికన్నా ఎక్కువ ఎట్లా చూపిస్తుంది, ఆరేటప్పుడు చల్లబడాలి కదా అని. కుండలో నీళ్ళు చల్లబడే పాఠం నేను చెప్పిందే! తడి బల్బు ఎప్పుడూ పొడి బల్బు కంటే ఎక్కువ చూపించదు, మహా అంటే గాలి తేమతో నిండినప్పుడు రెండూ సమానంగా ఉంటాయి. ఆ రాత్రే ప్రాజెక్టువాళ్ళకు పేజీల నంబర్లతో సహా రాసి పంపాను. ఒకే పేజీని ఒకరికి తెలియకుండా ఒకరు ముగ్గురు నలుగురు చేస్తారు కాబట్టి నా ఒక్కదాని తప్పు తేలిపోయేదే, అయినా చెప్పడం నా బాధ్యత అనిపించింది.

వేరుశనగరైతు – ఆదివారం, 9:10

నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

కేసీకెనాల్ – ఆదివారం, 10:30

చెప్తా తమ్ముడూ, కొంచెం పొడుగే అవుతుంది.

ఆ పేజీ మీద తేదీ చూశావా? 1877 మార్చి. మీ పెద్దవాళ్ళు ధాత కరువు అనే మాట అనేవాళ్ళేమో అడుగు. ధాత నామ సంవత్సరం అంటే 1876–77. అప్పటి రెవెన్యూ లెక్కలో ఫసలీ 1286. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు ఆ కరువుకు నడిబొడ్డు. మీ అనంతపురం అప్పటికి జిల్లానే కాదు, బళ్ళారిలో ఉండేది, 1882లో విడదీశారు. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం లేకుండా పోయారు. ఓడలో ఆ ఆఫీసరు నీలాకాశం అని రాసుకుంటున్న నెలలోనే మన వాళ్ళు కరువు పనుల్లో రాళ్ళు కొడుతున్నారు, కూలి రోజుకు ఒక పౌండు ధాన్యం, పైన అర్ధణా. ఆ కూలి, కరువు చూడ్డానికి సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర తగ్గించి పెట్టింది.

వాన ఎందుకు పడలేదో అప్పుడెవరికీ తెలియదు. భారత వాతావరణ శాఖ పుట్టిందే 1875లో, దాని మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్. ఆయన వేరే వేరే దేశాల నుంచి బారోమీటరు లెక్కలు తెప్పించి చూస్తే, ఆ కరువు కాలంలో ఇక్కడే కాదు, ఆస్ట్రేలియా దాకా గాలి ఒత్తిడి మామూలు కంటే ఎక్కువగా ఉంది. అక్కడొక దారం దొరికింది. తర్వాత 1904లో ఇక్కడి శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ఏళ్ళ తరబడి అంకెలు కూర్చి, పసిఫిక్ వైపు ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుంది, ఇటు పెరిగితే అటు తగ్గుతుంది, ఏతం లాగా అని తేల్చాడు. ఈ రోజు టీవీలో ఎల్ నినో అని వింటున్నావే, పసిఫిక్ సముద్రం నీళ్ళు మామూలు కంటే వేడెక్కడం, అందులో సగం కథ అదే. 1877–78 ఎల్ నినో తెలిసినవాటిలో చాలా పెద్దది.

ఇప్పుడు నీ ప్రశ్న. ఆ రోజుల్లో నేల మీద బారోమీటర్లు కొన్ని ఊళ్ళలో ఉన్నాయి, మద్రాసు అబ్జర్వేటరీలో అయితే 1790ల నుంచే లెక్కలున్నాయి. కానీ మన వాన పుట్టేది సముద్రం మీద. అక్కడ అబ్జర్వేటరీ కట్టలేరు. అక్కడ నిలబడి చూసిన కళ్ళు ఓడలో వాళ్ళవి మాత్రమే. ఇలాంటి ఒత్తిడి లెక్కలన్నీ కంప్యూటరుకు ఇచ్చి, ఆ రోజు భూగోళం మొత్తం మీద గాలి ఎట్లా వీచిందో తిరిగి గీస్తున్నారు, అమెరికావాళ్ళ సముద్ర, వాతావరణ సంస్థ నోవా చేస్తోంది, 1836 దాకా వెనక్కి వెళ్ళారు. గాలిలో పైన ఏం జరిగిందో కింద ఒత్తిడి నుంచే లెక్కగడతారు. ఎక్కడ ఓడ లెక్క లేదో అక్కడ ఆ పటం మసకగా ఉంటుంది. మన కరువు ఏడాదికి ఆ మసక ఎంత తగ్గితే, అలాంటిది మళ్ళీ వచ్చే ముందు ఎలా కనబడుతుందో అంత తెలుస్తుంది. నువ్వు మృగశిరలో విత్తాలా వద్దా అన్నదానికి ఇది రేపే జవాబు చెప్పదు, అబద్ధం చెప్పను. కానీ నీ వేరుశనగకూ ఆ గడిలో అంకెకూ సంబంధం ఉంది.

వేరుశనగరైతు – ఆదివారం, 11:05

మా అవ్వ ధాత కరువు అనేది. గంజి కేంద్రాల మాట కూడా చెప్పేది, వాళ్ళ అవ్వ చెప్పిందంట. ఏ సంవత్సరమో నాకు తెలియదు ఇంతవరకు. సరే సార్. ఫోటో మళ్ళీ చూస్తున్నా.

పెన్నతమ్ముడు (ప్రొద్దుటూరు, ఇంజనీరింగ్ మూడో ఏడు) – ఆదివారం, 11:40

అన్నా, ఇదంతా మనుషులు ఎందుకు చేయాలి? ఫోన్లో ఫోటో తీస్తే చేతిరాత చదివేస్తోంది కదా ఇప్పుడు. ఇంకో డౌటు, ఆ కాలం పరికరాలు ఎంతవరకు కరెక్టు?

మాస్టరమ్మ – ఆదివారం, 12:20

తమ్ముడూ, మా పిల్లలూ అదే అడిగారు, ఒక పేజీ ఇచ్చి ప్రయత్నించమన్నాను. అంకెలు బాగానే చదివింది, కానీ ఏ అంకె ఏ గడిదో కలిపేసింది. పైదే మళ్ళీ అని రెండు చిన్న గీతలు పెడతారు చూడు, వాటిని పదకొండు అనుకుంది. యంత్రాలు నేర్చుకుంటున్నాయి, నేర్పడానికీ, సరిగ్గా చదివాయా లేదా చూడడానికీ మనుషులు కొట్టిన పేజీలే కావాలి.

పరికరాల సంగతి మాత్రం పెద్ద కథ. సముద్రపు నీటి వేడి చూడ్డానికి బకెట్టు తాడు కట్టి దింపి నీళ్ళు తోడి అందులో థర్మామీటరు పెట్టేవాళ్ళు. గుడ్డ బకెట్టు అయితే పైకి లాగేలోపు గాలికి చల్లబడుతుంది, తక్కువ చూపిస్తుంది. తర్వాత్తర్వాత ఇంజన్ గదిలోకి వచ్చే నీటిని కొలిచారు, అది ఎక్కువ చూపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంకో చిక్కు. రాత్రిపూట డెక్ మీద దీపం వెలిగిస్తే శత్రువుకు కనబడుతుందని కొలతలు పగటికి జరిపారు. ఆ యుద్ధకాలపు అమెరికా నేవీ 19 ఓడల లాగ్‌బుక్కులు, 28,000 పేజీల వరకు, 1941 నుంచి 1945 వరకు, 4,000 మందికి పైగా వాలంటీర్లు కొట్టారు. ఆ యుద్ధపు ఏళ్ళలో సముద్రం నిజంగా అంత వేడెక్కిందా, లేక కొలిచే పద్ధతి మారి అలా కనిపించిందా అని తేల్చడానికి అవి కావాలి. పరికరంలో తప్పు ఉండవచ్చు, ఆ తప్పు ఎటువైపు ఉందో తెలిస్తే దిద్దుకోవచ్చు. అసలు లెక్కే లేకపోతే దిద్దడానికి ఏమీ ఉండదు.

గుత్తికోట – ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఓడల లెక్కల్లో నాకు మొదట్లో పరిచయమైంది మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ నేవీ పుస్తకాలు. 2010 అక్టోబరులో ఓల్డ్ వెదర్ అని, ఇలాంటి వాలంటీర్ల పనులు పెట్టే వెబ్‌సైటు జూనివర్స్‌లో మొదలైంది, అక్కడి వాతావరణ శాఖ శాస్త్రవేత్త ఫిలిప్ బ్రోహన్ పెట్టించిన పని. అందులో ఎక్కువ పేజీలు చేసినవాళ్ళను ఆ ఓడకు కెప్టెన్ అనేవాళ్ళు. నేను చూసేటప్పటికి ఆ పేజీలు అయిపోయాయి, కొట్టినవి చదివాను. వాతావరణంతో పాటు జబ్బుపడ్డవాళ్ళ సంఖ్య కూడా రాసేవాళ్ళు. 1918 చివర్లో కొన్ని ఓడల్లో ఆ సంఖ్య ఐదు, ఆరు ఉన్నది రోజు రోజుకూ ఎట్లా పెరుగుతుందో చూస్తే గుండె జారిపోతుంది. ఇన్‌ఫ్లూయెంజా. ఆ రోజుల్లోనూ బారోమీటరు గడి ఖాళీ వదల్లేదు.

కచేరిరిటైర్డ్ (ఆదోని) – ఆదివారం, 3:30

అందరికీ నమస్కారం. నేను రెవెన్యూలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, ఇక్కడ ఎక్కువ చదవడమే, రాయడం తక్కువ. ఇవాళ రాయాలనిపించింది.

మండలాఫీసు ఆవరణలో వర్షమాపకం ఉంటుంది కదా, పొద్దున ఎనిమిదిన్నరకు తీసి కొలిచి రిజిస్టరులో రాయాలి. చాలా ఏళ్ళు ఆ పని నాది. వాన పడని రోజు కూడా సున్నా రాయాలి, అది చాలామందికి తెలియదు. సున్నా రాస్తే చూశాను, పడలేదు అని. ఖాళీ వదిలితే చూడనే లేదు అని. మన జిల్లాలో ఆ సున్నాలు ఎన్నో. వరసగా నలభై సున్నాలు రాసిన ఆషాఢం నాకు గుర్తుంది. చెయ్యి బరువెక్కేది.

నేను ఒకప్పుడు పనిచేసిన ఒక ఆఫీసులో అంతకు ముందువాళ్ళ రిజిస్టర్లు పాత బీరువాలో కట్టలు కట్టలుగా ఉండేవి. బిల్డింగు మార్చేటప్పుడు వాటిని తడి గోడ పక్కన పెట్టారు. మేము తెరిచేసరికి చెదలు. పైన అట్ట బాగానే ఉంది, లోపల చేత్తో తాకితే పొడి. ఎన్నేళ్ళ వాన పోయిందో. ఎవరినీ అనలేను, అడగాల్సినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే మీరు చేసే పని చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

ఇక గుత్తికోట బాబూ, నీ అంకె. మీరంతా అంకెను చూస్తున్నారు, రాసిన చేతిని చూడలేదు. ఆ పేజీలో ఆరు వరసలూ ఒకరు రాసినవి కావు. సాయంత్రం నాలుగింటి వరస ఒక్కటే వేరే చెయ్యి, అక్షరం కుడికి వాలి ఉంది, చుక్క గీతలాగా సాగింది. ఆ డ్యూటీ ఆఫీసరు ఆ ఒక్క వరసే రాశాడు. మా రిజిస్టర్లలోనూ ఇంతే, ఒక గుమాస్తా ఒకటి ఏడులాగా వేసేవాడు, అది అతనికి ఒకటే. నువ్వు వెనక పేజీలకు పో, అదే చెయ్యి రాసిన వరసలు వెతుకు. అతను తొమ్మిది ఎట్లా వేస్తాడో, నాలుగు ఎట్లా వేస్తాడో, ఎనిమిది ఎట్లా వేస్తాడో చూడు. నాకు ఎనిమిది మీద అనుమానం. ఎనిమిదిని పైనుంచి మొదలుపెట్టి, తిరిగి వచ్చేటప్పుడు కలపకుండా వదిలేసేవాళ్ళు ఉంటారు.

కేసీకెనాల్ – ఆదివారం, 3:55

29.84! సాయంత్రం నాలుగింటికి సరిగ్గా అక్కడే ఉండాలి. పెద్దాయనా, దండం మీకు. నేను అలల లెక్క చెప్పాను గానీ ఎనిమిది నాకు తట్టలేదు.

మాస్టరమ్మ – ఆదివారం, 4:10

సార్, అలల లెక్క కుదిరిందని కొట్టొద్దు. చెయ్యి రుజువు దొరికితేనే కొట్టాలి. గుత్తికోట అన్నా, వెతకండి. రేపు ఈ పేజీ మా పిల్లలకు చూపిస్తాను, జవాబు చెప్పకుండా.

పెన్నతమ్ముడు – ఆదివారం, 5:00

ఈలోగా ఒకటి అడగనా? తుఫానులు ఇట్లాంటి లాగ్‌బుక్కుల్లో దొరుకుతాయా, మన ఆంధ్రావి?

కేసీకెనాల్ – ఆదివారం, 5:40

దొరకడమా, సైక్లోన్ అనే మాటే అక్కడి నుంచి వచ్చింది. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అని ఒకాయన బంగాళాఖాతం తుఫానుల్లో చిక్కుకుని బయటపడ్డ ఓడల లాగ్‌బుక్కులు సేకరించి, ఏ ఓడ దగ్గర ఏ గంటకు గాలి ఎటు నుంచి వీచిందో మ్యాపు మీద పెట్టుకుంటూ పోయాడు. గాలి చుట్ట చుట్టుకుని తిరుగుతోందని తేలింది, పాము చుట్టలాగా. గ్రీకు మాట తీసుకుని 1840లలో ఆ పేరు పెట్టాడు. ఆయన పరిశోధించినవాటిలో 1839 నవంబరులో మన గోదావరి దగ్గర కోరంగిని ముంచిన తుఫాను ఒకటి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో ముప్ఫై వేల మంది దాకా పోయారు. నేను ఇందాక చెప్పిన రోజువారీ అల ఉంది చూడు, తుఫాను దగ్గరికి వచ్చేకొద్దీ అది చెదిరిపోతుంది. సాయంత్రం తగ్గిన బారోమీటరు రాత్రి పదింటికి తిరిగి ఎక్కకపోతే నావికుడికి భయం మొదలయ్యేది.

గుత్తికోట – ఆదివారం, రాత్రి 9:25

దొరికింది.

పదకొండు పేజీలు వెనక్కి వెళ్ళాను. ఆ వాలు చెయ్యి మార్చి 7, 11, 15 తేదీల్లో ఉంది. 11వ తేదీన పొడి బల్బు 82 అని రాశాడు, అందులో ఎనిమిది పైన నోరు తెరుచుకునే ఉంది, కింద చుట్ట బాగా సన్నగా, తోకలాగా. 15న బారోమీటరు 29.86, అక్కడా అంతే. ఇతని తొమ్మిదికి తల గట్టిగా మూసి ఉంటుంది, తోక నిటారుగా దిగుతుంది. నాలుగైతే మూడు గీతలు విడివిడిగా వేస్తాడు, చివరి అంకెలో కనబడుతున్న నాలుగు అట్లాగే ఉంది. నాలుగు ఫోటోలూ పక్కపక్కన పెట్టి కింద జతచేశాను, ఎవరైనా కాదంటే ఇప్పుడే చెప్పండి.

కచేరిరిటైర్డ్ – ఆదివారం, 9:40

ఎనిమిదే నాయనా. అనుమానం లేదు.

వేరుశనగరైతు – ఆదివారం, 9:52

ఇప్పుడు చూస్తే నాకూ ఎనిమిదే కనబడతా ఉంది. పొద్దున నాలుగన్నాను. అన్నా, ఇందులో చేరాలంటే ఇంగ్లీషు బాగా రావాలా? అంకెలు చదవగలను. పొద్దు వాలినాక ఒక గంట ఖాళీ ఉంటుంది నాకు.

గుత్తికోట – ఆదివారం, 10:05

అంకెలు వస్తే చాలు తమ్ముడూ. గాలి దిక్కుల అక్షరాలు కొన్ని ఉంటాయి, ఆకాశం అక్షరాలు ఇంకొన్ని, ఒక కాగితం మీద తెలుగులో రాసి పంపిస్తాను, పక్కన పెట్టుకో. మొదటి పది పేజీలు ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుంటూ చేద్దాం.

29.84 కొట్టాను. వ్యాఖ్య గడిలో, సిరా ఊరింది, అదే చేతి వేరే పేజీలతో పోల్చి చదివాను అని రాసి, ఆ పేజీల తేదీలు ఇచ్చాను. ఇప్పుడు మార్చి 19 తెరిచాను. తెల్లవారి నాలుగింటికి 29.86, గాలి ఈశాన్యం, జోరు 1.